చదరంగం గళ్ళ సంఖ్య 18446744073709551615: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విశాఖపట్నంలో, సీతమ్మధారలో ఇంటి దగ్గరే పిల్లలకు లెక్కలు చెబుతాను. గుణశ్రేఢులు (ప్రతి పదాన్నీ ఒకే సంఖ్యతో గుణిస్తూ పోయే వరసలు) వచ్చిన వారం, చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని బహుమానంగా గళ్ళలో బియ్యపు గింజలు అడిగిన కథ చెప్పడం నాకు అలవాటు. మొదటి గడిలో ఒకటి, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా 64 గళ్ళూ రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం ఎన్ని గింజలు? జవాబు పైన శీర్షికలో ఉంది. ఆ రాత్రి నుంచి వాట్సాప్‌లో పిల్లలు, వాళ్ళ నాన్నలు, ఒకసారి ఒక తాతగారు కూడా, అవే అనుమానాలు మళ్ళీ మళ్ళీ అడుగుతారు. ఇన్నేళ్ళుగా విడివిడిగా చెప్పిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్ళిపోండి.

## మొదటి రోజు వచ్చేవి

సార్, అసలు దీన్ని నోటితో ఎలా చదవాలి?

మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615 అవుతుంది. చదివేటప్పుడు కోట్ల దగ్గర విరుచుకుంటే సులువు: 1,84,467 కోట్ల కోట్లు, 44,07,370 కోట్లు, ఆపైన 95 లక్షల 51 వేల 615. "కోట్ల కోట్లు" అంటే పిల్లలు నవ్వుతారు కానీ తప్పేం లేదు, కోటిని కోటితో గుణించామంతే. బట్టీ పట్టాలనుకునేవాళ్ళు నాలుగేసి అంకెలుగా చదవండి: 1844, 6744, 0737, 0955, 1615. మొత్తం ఇరవై అంకెలు, అంటే రెండు మొబైల్ నంబర్లంత పొడవు.

చివర 615 ఆ, 616 ఆ? రెండూ చూశాను.

మొత్తం గింజలు 615తో ముగుస్తాయి. 616తో ముగిసేది 2⁶⁴, అంటే 64 రెండ్లను గుణిస్తే వచ్చేది, అది ఇంకో సంఖ్య, దీనికంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. ఈ తప్పు నేనూ చేశాను. ఒక ఏడాది వినాయక చవితి పందిట్లో క్విజ్ పెడుతూ జవాబుల కాగితంలో 616 రాసుకున్నాను. సరైన జవాబు చెప్పిన ఏడో తరగతి అమ్మాయికి మార్కు ఇవ్వలేదు. మర్నాడు వాళ్ళింటికెళ్ళి చాక్లెట్ ఇచ్చి ఒప్పుకోవాల్సి వచ్చింది. తేడా గుర్తుండాలంటే ఒక్కటి చాలు: మొదటి గడిలో ఒక్క గింజే ఉంది, మిగతా గళ్ళన్నిట్లో సరి సంఖ్యలే. కాబట్టి మొత్తం బేసి అయి తీరాలి. 616 బేసి కాదు కదా.

64 గళ్ళూ కూడకుండా మొత్తం ఎలా వస్తుంది? సూత్రం వద్దు, అర్థమయ్యేలా చెప్పండి.

పక్కింటి నుంచి ఒక్క గింజ అప్పు తెచ్చుకోండి. మొదటి గడిలో ఉన్న ఒకటితో కలిపితే రెండు. రెండో గడిలో ఉన్నదీ రెండే, కలిపితే నాలుగు. మూడో గడిలో ఉన్నదీ నాలుగే, కలిపితే ఎనిమిది. చేతిలో ఉన్నదీ, ముందు గడిలో ఉన్నదీ ప్రతిసారీ సమానమే కాబట్టి ప్రతి గడి దగ్గరా రెట్టింపవుతూ పోతుంది, 64వ గడి దాటేసరికి చేతిలో 2⁶⁴ గింజలుంటాయి. ఇప్పుడు అప్పు తీర్చేయాలి, ఒకటి తీసేయండి. అదే 2⁶⁴ − 1. ఆ "−1" ఎక్కడిదని ఎవరైనా అడిగితే పక్కింటివాళ్ళదని చెప్పండి.

చివరి గడిలోనే సగానికి పైగా ఉంటాయంటారు, నిజమేనా?

నిజమే, అదీ సరిగ్గా ఒక్క గింజ తేడాతో. 64వ గడిలో 2⁶³ గింజలు, అంటే 9223372036854775808. దానికి ముందున్న 63 గళ్ళూ కలిపితే 2⁶³ − 1. బల్ల మీద సగం దూరం వచ్చాక, అంటే 32 గళ్ళు నిండాక, లెక్క చూసినా గమ్మత్తుగానే ఉంటుంది: మొత్తం 4294967295, అంటే 429 కోట్ల పైచిలుకు గింజలు, ఒక పెద్ద మిల్లు గోదాములో పట్టేస్తాయి. రాజుగారికి అప్పటిదాకా అనుమానం రాకపోవడంలో వింతేమీ లేదు.

అన్ని గింజలంటే ఎంత బియ్యం? వైజాగ్ పోర్టులో ఓడలకు ఎత్తగలమా?

వెయ్యి గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుందాం. మీ ఇంట్లో సన్నబియ్యమైతే ఇంకాస్త తక్కువే తూగొచ్చు, కానీ లెక్కకు ఇది చాలు. మొత్తం దాదాపు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిపి ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు, అంటే ఏడు వందల ఏళ్ళ పంట. ఇక ఓడలు. బీచ్ రోడ్డులో నిలబడితే దూరంగా లంగరేసి కనిపించే సరుకు ఓడల్లో ఒక్కోదానికి 75,000 టన్నులు ఎత్తామనుకుంటే 49 లక్షల ఓడలు కావాలి, రోజుకొకటి చొప్పున పంపినా 13 వేల ఏళ్ళు దాటుతుంది.

ఒక అబ్బాయి "పోనీ ఊరంతా పరిస్తే?" అన్నాడు. ఘనపు మీటరుకు 800 కిలోలు అనుకుంటే ఆ రాశి 460 ఘనపు కిలోమీటర్లు. మన నగరపాలక సంస్థ పరిధి సుమారు 680 చదరపు కిలోమీటర్లు కదా, దానిమీద సమానంగా పరిస్తే ఎత్తు 670 మీటర్ల పైమాటే. కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్ కొండలు రెండూ బియ్యంలో మునిగిపోతాయి.

తెలుగు పద్యంలో ఈ సంఖ్య ఉందని మా తాతగారు అంటున్నారు. నిజంగా ఉందా?

ఉంది, తాతగారికి నా నమస్కారం చెప్పండి. అంకెలకు బదులు పదాలు వాడే భూతసంఖ్య పద్ధతిలో అల్లిన పాత పద్యం అది. అందులో వరసగా వచ్చే పదాలు ఇవి: శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు.

ఇప్పుడు విప్పండి. శరాలు, సాయకాలు అంటే మన్మథుడి బాణాలు, ఐదు. శశి, చంద్రుడు, తుహినాంశుడు ఒక్కడే, కాబట్టి ఒకటి. షట్కం ఆరు, తర్కాలూ ఆరే. రంధ్రాలు తొమ్మిది, మన శరీరానివే. వియత్తు, గగనం అంటే ఆకాశం, సున్నా. నగం, భూధరం, గిరి అన్నీ కొండలే, కులపర్వతాలు ఏడు. అగ్నులు మూడు. అబ్ధి, పయోనిధి సముద్రాలు, నాలుగు (మనకు ఇక్కడ కనిపించేది ఒక్కటే అనుకోండి). వేదాలు నాలుగు, పద్మజుడంటే బ్రహ్మ, ఆయన ముఖాలు నాలుగు. కుంజరాలు దిగ్గజాలు, ఎనిమిది.

వరసగా రాస్తే 5, 1, 6, 1, 5, 5, 9, 0, 7, 3, 7, 0, 4, 4, 7, 6, 4, 4, 8, 1 వస్తుంది. అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయన్నది ఈ పద్ధతి నియమం. తిరగేసి చదవండి, 18446744073709551615. ఒక్క అంకె కూడా తప్పలేదు. కాలిక్యులేటర్ లేని రోజుల్లో ఇరవై అంకెలు లెక్కకట్టడం ఒక ఎత్తు, వాటిని గణాలు తప్పకుండా ఛందస్సులో కూర్చోబెట్టడం ఇంకో ఎత్తు. నన్నడిగితే రెండోదే కష్టం.

## లెక్క కట్టేటప్పుడు వచ్చేవి

చివరి అంకె 5 అని గుణించకుండా ఎలా చెప్పొచ్చు?

2ను మళ్ళీ మళ్ళీ 2తో గుణిస్తే వచ్చే ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6, మళ్ళీ 2, 4, 8, 6 అని నాలుగేసి చొప్పున తిరుగుతాయి. 64 నాలుగుతో పూర్తిగా పోతుంది, కాబట్టి 2⁶⁴ చివర 6. ఒకటి తీసేస్తే 5.

చేత్తో 2⁶⁴ కట్టాలంటే 63 గుణకారాలు చెయ్యాలా?

ఆరు చాలు. 2ను దానితోనే గుణిస్తే 4, 4ను దానితోనే గుణిస్తే 16, తర్వాత 256, తర్వాత 65536, తర్వాత 4294967296, దాన్ని దానితోనే గుణిస్తే 18446744073709551616. చివరి గుణకారం మాత్రం కాగితం అడ్డంగా తిప్పుకుని చెయ్యండి, నిలువుగా చోటు సరిపోదు. ఆఖర్న ఒకటి తీసెయ్యడం మర్చిపోవద్దు.

7తో భాగిస్తే శేషం ఎంత? 13తో? పోటీ పరీక్షల్లో అడుగుతున్నారు.

ఇరవై అంకెలు పట్టుకుని భాగహారం మొదలుపెడితే పరీక్ష అయిపోతుంది. అంకెలను వదిలేసి 2⁶⁴ − 1 అన్న రూపాన్ని చూడండి. 8ని 7తో భాగిస్తే శేషం 1, అంటే 2³ శేషం 1. అందువల్ల 2⁶³ శేషం కూడా 1, 2⁶⁴ శేషం 2, ఒకటి తీస్తే 1. జవాబు 1.

13కి వచ్చేసరికి 2⁶ అంటే 64, అది 65కి ఒకటి తక్కువ, కాబట్టి శేషం −1 అనుకోవచ్చు. పది సార్లు గుణిస్తే 2⁶⁰ శేషం 1. మిగిలిన 2⁴ అంటే 16, దాని శేషం 3. ఒకటి తీస్తే 2. అర నిమిషం పని.

3తో పోతుందా, 9తో పోతుందా?

అంకెల మొత్తం 87. అది 3తో పోతుంది, 9తో పోదు. కాబట్టి మన సంఖ్యా అంతే.

ఇది పూర్ణ వర్గమా?

కాదు. 5తో ముగిసే ఏ వర్గమైనా చివర 25 ఉండాలి, దీని చివర 15 ఉంది. అసలు లెక్కే అక్కర్లేదు కూడా, దీని పక్కనున్న 2⁶⁴ పూర్ణ వర్గం, ఇంత పెద్ద రెండు వర్గాలు పక్కపక్కన ఉండటం కుదరదు.

రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చా? మూడు?

రెండూ, మూడూ కుదరవు, కనీసం నాలుగు కావాలి. ఏ వర్గాన్నైనా 8తో భాగించండి, శేషం 0 గానీ 1 గానీ 4 గానీ వస్తుంది, ఇంకేదీ రాదు. 2⁶⁴ − 1ని 8తో భాగిస్తే శేషం 7. ఆ మూడు శేషాల్లోంచి మూడింటిని మాత్రమే వాడి 7 తెప్పించడానికి ప్రయత్నించండి: 4+1+1 అంటే 6, 4+4+1 అంటే 9, దాని శేషం 1. కుదరదు. 4+1+1+1 అయితే 7. ఏ సంఖ్యకైనా నాలుగు వర్గాలు సరిపోతాయని లగ్రాంజ్ 1770లో నిరూపించాడు, మనది ఆ నాలుగూ వాడుకోక తప్పని రకం.

## కారణాంకాల దగ్గరికి వచ్చాక

ఇంత పెద్ద సంఖ్యకు కారణాంకాలు ఎక్కడని వెతకాలి?

వెతకక్కర్లేదు, ఎనిమిదో తరగతి సూత్రం ఒక్కటే చాలు: ఎ² − బి² = (ఎ − బి)(ఎ + బి). 2⁶⁴ − 1 అంటే 2³² వర్గంలోంచి 1 తీయడం, కాబట్టి (2³² − 1)(2³² + 1). ఎడమవైపుది మళ్ళీ అదే రూపం, (2¹⁶ − 1)(2¹⁶ + 1). ఉల్లిపాయ పొరల్లా ఒలుచుకుంటూ పోతే చివరికి 3, 5, 17, 257, 65537, 4294967297 మిగులుతాయి. వీటిలో మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. ఆరోది మాత్రం 641 × 6700417.

కాబట్టి పూర్తి జవాబు: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడు ప్రధాన కారణాంకాలు, ఏదీ రెండోసారి రాదు. వీటిని ఇలా చూసినప్పుడు నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది, ఇంత పొడుగు సంఖ్య ఇంత తేలిగ్గా లొంగిపోవడం.

641 ఎలా దొరికింది? దాన్ని ఎవరు కనిపెట్టారు?

ఆయిలర్, 1732లో. అంతకు ముందు 1640లో ఫెర్మా 3, 5, 17, 257, 65537 చూసి, తర్వాత వచ్చే 2³² + 1 కూడా ప్రధాన సంఖ్యే అయి ఉంటుందని నమ్మాడు. ఆయిలర్ గుడ్డిగా భాగించుకుంటూ కూర్చోలేదు. 2³² + 1కి ఏదైనా ప్రధాన కారణాంకం ఉంటే అది 64తో భాగించినప్పుడు శేషం 1 ఇచ్చి తీరాలని చూశాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నంలోనే దొరికిపోయింది!

భాగహారం చెయ్యకుండానే సరిచూసుకోవచ్చు, ఇది కాస్త నెమ్మదిగా చదవండి. 641 అంటే 5 × 2⁷ + 1. కాబట్టి 641తో భాగించినప్పుడు 5 × 2⁷ శేషం −1, దాని నాలుగో ఘాతం 5⁴ × 2²⁸ శేషం 1. ఇంకోవైపు 641 అంటే 625 + 16, అంటే 5⁴ + 2⁴. కాబట్టి 5⁴ ఉన్నచోట −2⁴ పెట్టుకోవచ్చు. పెడితే −2³² శేషం 1 అని వస్తుంది. అంటే 2³² + 1 శేషం సున్నా. అయిపోయింది. పెద్ద సంఖ్య ఒక్కసారి కూడా రాయలేదు, చూశారా.

మొత్తం ఎన్ని భాజకాలుంటాయి?

128. ప్రధాన కారణాంకాలు ఏడు, అన్నీ వేరువేరు. ఒక భాజకం తయారు చెయ్యాలంటే ఒక్కోదాన్నీ తీసుకోవడమో వదిలెయ్యడమో, రెండే దారులు. ఏడు సార్లు రెండు, 2⁷ = 128. ఏదీ తీసుకోకపోతే 1, అన్నీ తీసుకుంటే సంఖ్య మొత్తం.

ఇది మెర్సెన్ ప్రధాన సంఖ్య అని ఎక్కడో చదివాను.

కాదు. 2 ఘాతంలోంచి ఒకటి తీస్తే ప్రధాన సంఖ్య వస్తే దాన్ని మెర్సెన్ ప్రధాన సంఖ్య అంటారు. ఘాతం సంయుక్త సంఖ్య అయితే ఆ రూపంలో ఉన్న సంఖ్య ఎప్పుడూ ప్రధానం కాదు, 64 సంయుక్తమే. బహుశా మీరు చూసింది 2⁶¹ − 1 అయి ఉంటుంది, 2305843009213693951. అది ప్రధాన సంఖ్యే, 1883లో పెర్వూషిన్ అనే రష్యా మతగురువు చూపించాడు. 2³¹ − 1 కూడా ప్రధానమే, అది ఆయిలర్ ఖాతాలోది.

స్కేలు, కంపాసుతో బహుభుజులు గీయడానికీ దీనికీ సంబంధం ఉందంటారు, ఏమిటది?

ఉంది, కానీ సగమే. 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, కంపాసులతో గీయొచ్చని గౌస్ 1796లో కనిపెట్టాడు, అప్పటికి ఆయనకు ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు. భుజాల సంఖ్య బేసి అయితే, అది 3, 5, 17, 257, 65537 లాంటి ఫెర్మా ప్రధాన సంఖ్యల్లో వేరువేరు వాటిని గుణిస్తే వచ్చేదై ఉండాలి. ఇప్పటిదాకా తెలిసినవి ఆ ఐదే. ఐదింటినీ గుణిస్తే 4294967295, అంటే సరిగ్గా 32 గళ్ళ మొత్తం. కాబట్టి అన్ని భుజాల బొమ్మ గీయొచ్చు (చూడ్డానికి వృత్తంలాగే ఉంటుందనుకోండి). 64 గళ్ళ మొత్తానికి మాత్రం కుదరదు, మధ్యలో 641 అడ్డుపడింది, అది ఫెర్మా ప్రధానం కాదు.

## కంప్యూటర్ ముందు కూర్చున్నాక

మా అబ్బాయి బీటెక్. వాడి ప్రోగ్రాములో ఇదే సంఖ్య వస్తోంది, చదరంగంతో పనేమిటి?

చదరంగంతో పనిలేదు, 64తో ఉంది. కంప్యూటర్ అంకెలను 0, 1లతో రాస్తుంది. 64 స్థానాల్లోనూ 1 పెడితే వచ్చేది 2⁶⁴ − 1. గడికో గింజల కుప్ప బదులు స్థానానికో బిట్ అనుకోండి, లెక్క ఒకటే. 16 ఆధారంగా రాసే హెక్సాడెసిమల్ పద్ధతిలో రాస్తే వరసగా పదహారు ఎఫ్‌లు. రుణ సంఖ్యలకు చోటివ్వని 64 బిట్ల పెట్టెలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే.

దానికి ఒకటి కలిపితే సున్నా వస్తోంది. కంప్యూటర్ పాడైందా?

పాడవలేదు. పాత స్కూటర్ మీటరు 99999 దాటాక 00000 అయినట్టే. 65వ స్థానంలో పెట్టాల్సిన 1కి చోటు లేదు, జారిపోయింది. సి ప్రోగ్రామింగ్ భాషలో ప్లస్, మైనస్ గుర్తు లేని (అన్‌సైన్డ్) 64 బిట్ల రకానికి ఇలాగే జరుగుతుంది. పైథాన్ భాషలో అయితే ఆ బాధ లేదు, ఎంత పెద్ద పూర్ణసంఖ్యకైనా చోటు తనే పెంచుకుంటుంది.

ఎక్సెల్‌లో చివర అన్నీ సున్నాలు చూపిస్తోంది ఎందుకు?

ఎక్సెల్ 15 అంకెల వరకే నమ్మకంగా ఉంచుకుంటుంది, మిగతావాటి స్థానంలో సున్నాలు వేస్తుంది. అందుకే 18446744073709600000 అని కనిపిస్తుంది. 2⁶⁴, 2⁶⁴ − 1 రెండూ కొట్టి చూడండి, తేడాయే ఉండదు. ఇరవై అంకెలూ కావాలంటే పైథాన్‌లో కొట్టండి, లేదా కాగితం మీద చెయ్యండి.

## చివరి బెంచీ ప్రశ్నలు

కాశీలో ఒక గుడిలో 64 బంగారు పళ్ళేలు ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి మారుస్తున్నారట, అవి అయిపోతే ప్రపంచం అంతమట. నిజమా?

కాశీలో అలాంటి గుడి లేదు. 1883లో ఎదుఆర్ లూకా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు హనోయ్ టవర్ అనే ఆటబొమ్మ తెచ్చాడు, దానితోపాటు ప్రచారంలోకి వచ్చిన కథ ఇది. లెక్క మాత్రం నిజం. మూడు కడ్డీల మధ్య, ఒక్కోసారి ఒక్కటే కదుపుతూ, చిన్న పళ్ళెం మీద పెద్దది పెట్టకుండా 64 పళ్ళేలు మార్చాలంటే కనీసం 2⁶⁴ − 1 సార్లు కదపాలి. ఎందుకంటే అడుగునున్న పెద్ద పళ్ళేన్ని కదపాలంటే ముందు పైనున్నవన్నీ పక్కకు తీయాలి, తర్వాత అవన్నీ మళ్ళీ దాని మీదికి తేవాలి. కాబట్టి పళ్ళెం ఒకటి పెరిగితే పని రెట్టింపు, ఆపైన ఒకటి.

సెకనుకొకటి చొప్పున, నిద్ర కూడా పోకుండా కదిపితే సుమారు 58,400 కోట్ల ఏళ్ళు పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్ళు. అంటే ఇప్పటిదాకా గడిచిన కాలానికి నలభై రెట్లకు పైగా. మీ యూనిట్ టెస్ట్ సోమవారమే ఉంటుంది.

సార్, 65వ గడి ఉంటే?

రెట్టింపు చేసి ఒకటి కలుపు. 36893488147419103231. ఇప్పుడు దీనికి కారణాంకాలు నువ్వే చెప్పాలి. 65 అంటే 5 × 13, కాబట్టి 2⁵ − 1తోనూ (31), 2¹³ − 1తోనూ (8191) పోతుంది. మిగతాది ఇంటి దగ్గర చెయ్యి.